మైకులో వినిపించిన పేరు

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో, గని కార్మికుల పాత ఇళ్లలో పుట్టి పెరిగాను. మూతబడ్డ గనిలోంచి మనుషుల కేకలు వస్తాయని మా తాత చెబితే నవ్వేదాన్ని. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మా పక్కింటి రత్నమ్మ కొడుకు దిలీప్, వేరే రాష్ట్రంలో పని చేస్తూ, అక్కడి బజారులో ఉగ్రవాదులు పెట్టిన బాంబుకు చనిపోయాడు. అదే వారం ముళబాగిలు దగ్గర మా తమ్ముడు శేఖర్‌ను లారీ గుద్దింది.

దిలీప్ శవపేటికకు ఊరంతా ఎదురెళ్లింది. అంగళ్లు మూశారు. వీధి నిండా ఫ్లెక్సీలు, కొవ్వొత్తులు. మా తమ్ముడి పాడె మోయడానికి బంధువులకు ఫోన్లు చేసి పిలిపించుకున్నాం. వాకిట్లో ఏడుస్తున్న మా అమ్మను, కెమెరాకు అడ్డమని, టీవీవాళ్లు పక్కకు జరగమన్నారు. నాకు కడుపు మండిపోయింది.

ఏడాది తిరిగాక మైదానంలో దిలీప్ పేరు చెక్కిన రాయి నిలబెట్టారు. నేను రానన్నాను.

"పక్కింటోళ్లమ్మా, పోకుంటే బాగుండదు" అని అమ్మ లాక్కుపోయింది.

మంచి ఎండ. ఒకాయన మైకులో దిలీప్ పేరు చదివి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అందరూ మౌనంగా తల వంచారు. అప్పుడు మైకు మళ్లీ పలికింది.

"బెల్లమయ్య."

చిన్నప్పుడు బెల్లం దొంగతనంగా తినేవాడని శేఖర్‌ను అమ్మా నేనూ ఇంట్లో అలా పిలిచేవాళ్లం. బయట పిలిస్తే వాడికి కోపం. తలెత్తి చూశాను. మైకు దగ్గర ఎవరూ లేరు. నా అసూయే అలా వినిపించిందనుకున్నాను.

సాయంత్రం రత్నమ్మ మా ఇంటికి వచ్చింది.

"మావాని పేరు అయినంక ఇంగొక పేరు చెప్పినారు గదమ్మా, బెల్లమయ్యని. ఆయప్ప యావూరాయన? ఆడనే సచ్చిపోయినాడా?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు ఇనబడిందా రత్నా? నాకు ఇనబడలేదే!"

నేనూ విన్నానని అప్పుడు చెప్పాను. ఎవరో ఫోన్లో తీసిన వీడియో తెప్పించి చూశాం. దిలీప్ పేరు తర్వాత గాలి చప్పుడే ఉంది. చదివినాయన ఒక్క పేరే చదివానన్నాడు. ఇంకెవరికీ ఏమీ వినబడలేదట.

అది ఎవరి గొంతో నాకు ఈరోజుకీ తెలియదు. అమ్మ మాత్రం రత్నమ్మను కూర్చోబెట్టుకుని, "ఎట్ల పిలిచినారో ఇంగొకసారి చెప్పు" అంటుంది. నన్నెప్పుడూ అడగదు. రత్నమ్మ ఓపిగ్గా చెబుతుంది. ఆమె కొడుకు కోసం ఊరంతా ఏడ్చింది. ఆ ఒక్క పిలుపైనా మా అమ్మకు వినిపించి ఉండకూడదా?