బొగ్గుల గుంత

మదనపల్లెలో ఎలీషాను ఎరగని మేస్త్రీ లేడు. కొత్త ఇంటికి కరెంటు రావాలంటే తీగలు లాగితే సరిపోదు. పర్మిటు ఉన్న వైర్‌మన్ పరీక్ష చేసి, పని సరిగా ఉందని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ పర్మిటు ఎలీషాకు ఉంది. దాంతోపాటు యాభై దాటిన వయసు, మోకాళ్ళ నొప్పి, మాటలు పడీ పడీ మొద్దుబారిన చెవులు కూడా ఉన్నాయి. కరెంటాఫీసు సరేనన్నా ఇతను ఊ అనడని, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని జనం ఆడిపోసుకునేవాళ్ళు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో పుంగనూరు బట్టల వ్యాపారి లక్ష్మీపతి మిద్దె కట్టించాడు. వైరింగంతా ఎలీషాదే. లోపలి పని అయ్యాక పెరట్లో లోతుగా గుంత తవ్వించి, నడుమ ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గులు, ఉప్పు వరసలుగా పోసి పూడ్చాడు. దాన్ని ఎర్త్ అంటారు. ఇంట్లో ఏ ఇనుప వస్తువుకైనా కరెంటు పాకితే, అది మనిషి ఒంట్లోకి పోకుండా ఈ గొట్టం పట్టుకుని భూమిలోకి దిగిపోవాలి.

గృహప్రవేశం ముందురోజు సంతకం పెట్టడానికి వచ్చి, ఎర్త్ కొలిచే పరీక్ష పెట్టె పిడి తిప్పి చూస్తే దాని ముల్లు ఉండవలసిన చోట లేదు. పెరట్లోకి నడిచాడు. గుంత మీద మట్టి కొత్తగా ఉంది. దాని మీద పేడనీళ్ళు చల్లి ముగ్గు కూడా వేశారు.

"ఈడ ఎవరు తవ్వినారమ్మా?"

లక్ష్మీపతి తల్లి తులసమ్మ దాచలేదు. "నేనే తవ్విస్తి. ఇల్లు కట్టే జాగాలో బొగ్గు కనపడితే ఏరి పారేస్తాము. నువ్వేమో బుట్టలు బుట్టలు తెచ్చి పూడ్చినావు. మీకు పట్టింపు లేకపోవచ్చప్పా, మాకుండాది. గొట్టం ఆడనే పెట్టినాము కదా."

ఆమె మాటలో అబద్ధం లేదు. ఇంటి జాగాలో బొగ్గు, ఎముక ఉండకూడదని ఆ వైపు ఎవరినడిగినా చెబుతారు. ఎలీషాయే ముందు ఒక మాట అడగవలసింది. అడగలేదు.

లక్ష్మీపతి కాగితం తెచ్చి ముందు పెట్టాడు. "సంతకం పెట్టప్పా. రేపు బంధువులంతా వస్తాండారు. ఈ పొద్దు కరెంటు రాకపోతే నా తల కొట్టేసినట్టే. గుంత సంగతి నిదానంగా సూస్తాము. కాదంటావా, పర్మిటుండే చెంగల్రాయుడుండాడు, ఇల్లు సూడకుండానే పెడతాడు. ఆమీట ఈ ఊర్లో నిన్ను పిలిచేదెవరో నువ్వే సూసుకో."

ఎలీషాకు నిజంగానే విసుగొచ్చింది. పెట్టేస్తే మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరి కాళ్ళు చాపుకోవచ్చు. ఎందరితోనని పోట్లాడతాడు? కలం మూత తీశాడు కూడా. కాని కుప్పంలో గోవిందమ్మ అనే ఇల్లాలు తడిచేత్తో టేబుల్ ఫ్యాను ముట్టుకుని పోయిన రోజు అతను ఆ వీధిలోనే ఉన్నాడు. ఆ ఇంటి కాగితం మీద సంతకం వేరే వాడిది. అయినా అరుగు మీద కూర్చున్న ఆమె పిల్లల మొహాలు ఎలీషాను వదల్లేదు.

మూత మళ్ళీ పెట్టాడు. "అమ్మా, ఈ గోడకవతల సందు మీ జాగా కాదు కదా?"

"కాదు."

"బొగ్గులు ఆడ పూడ్చుకుంటే?"

"అవతల నువ్వేమి పూడ్చుకుంటే నాకేమి."

కూలీలంతా పందిరి పనిలో ఉన్నారు. ఎలీషా తానే పార పట్టాడు. అది మొరం నేల, దిగదు. పారబోసిన బొగ్గులు దిబ్బ మీద నుంచి ఏరి మోసుకొచ్చాడు. గొట్టాన్నీ దాని తీగనూ సందులోకి మార్చి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పోసి పూడ్చాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడని లక్ష్మీపతి వినపడేట్టే అన్నాడు. భోజనానికి ఎవరూ పిలవలేదు. పొద్దు వాలేవేళకు ముల్లు దారికొచ్చింది. బొబ్బలెక్కిన చేత్తో సంతకం పెట్టి లేచాడు.

"ఎండాకాలం దీని మీద నీళ్ళు పొయ్యాలమ్మా. మన్ను ఎండితే పనిచెయ్యదు."

"ఆ బొగ్గులకు నేను నీళ్ళు పొయ్యాల్నా?" అంది తులసమ్మ. ఎలీషా పరీక్ష పెట్టె ఎత్తుకుని బస్సుకు నడిచాడు.

లక్ష్మీపతి అన్నట్టే ఆ తర్వాత పుంగనూరు నుంచి పిలుపుల్లేవు. ఎండలు ముదిరాక లక్ష్మీపతి దగ్గర నుంచి కబురొచ్చింది, సంతకం పెట్టినవాడే వచ్చి చూడాలని. బస్సు దిగి గుమ్మం ఎక్కాడో లేదో తులసమ్మ అందుకుంది.

"ఏమి పని చేసినావప్పా నువ్వు? ఫ్యాను నా పక్కకు తిప్పుకుందామని చెయ్యేస్తి. ఠప్పుమని ఇల్లంతా ఆరిపాయ. ముట్టుకుంటే ఆరిపోయే కరెంటు ఎవరికి కావాల?"

ఎలీషా ఫ్యాను విప్పాడు. తిప్పిన ఊపుకు లోపల తీగ ఊడి ఇనుప ఒంటికి ఆనుకుని ఉంది. వచ్చిన కరెంటంతా గొట్టం పట్టుకుని భూమిలోకి పోయింది, ఫ్యూజు కరిగింది. అతను సందులోకి వెళ్ళి చూశాడు. ఊరంతా నెర్రెలిచ్చిన ఆ ఎండల్లో గుంత మీద మన్ను తడిగా ఉంది.

"నువ్వే కదా పొయ్యమంటివి," అంది వెనకే వచ్చిన తులసమ్మ. "బొగ్గులకు కాదులే. వీధికి సల్లుతాండాననుకోని పోస్తాండా."

"ఫ్యాను మీద ఏసిన చెయ్యి ఏదమ్మా, సూపించు."

ఆమె విసుక్కుంటూనే చాపింది. ముడతలు పడిన చెయ్యి, పసుపు అంటిన గోళ్ళు. ఎక్కడా మచ్చ లేదు. ఎలీషాకు కళ్ళు చెమర్చాయి. జరిగింది చెబితే ముసలమ్మ ఇక ఫ్యాను జోలికే పోదని ఊరుకున్నాడు.

ఫ్యూజు వేసి, ఫ్యాను బిగించేదాకా ఆమె తిడుతూనే ఉంది. పని అయ్యాక కూడా అతను లేవలేదు. కాళ్ళు చాపుకుని అరుగు మీద కూర్చుని, ఆమె అలిసిపోయేదాకా విన్నాడు.