నా గొంతు ఒక్కటే పడింది

మా పిన్నికి గొంతులో క్యాన్సరని తేలాక, నెల్లూరు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం పోతుంది. మూడు వారాల తర్వాత వచ్చి చేరమన్నాడు.

నన్ను పెంచింది పిన్నే. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. అమ్మ ముఖం గుర్తులేదు, ఫోటో కూడా లేదు. సముద్రం ఒడ్డున పిన్ని వాళ్ళ ఊళ్ళోనే పదో తరగతి దాకా ఉన్నాను. బాబాయి వేటకు పోయేవాడు, పిన్ని చేపలు గంపకెత్తుకుని పై ఊళ్ళలో అమ్ముకొచ్చేది. ఇప్పుడు నేను కావలిలో సోషల్ టీచర్ని.

ఆ మూడు వారాలూ బడిలో పరీక్షలు. సెలవు దొరకలేదు. ఆదివారాలు పోతే పిన్నిని చూడవచ్చిన వాళ్ళతో ఇల్లంతా నిండి ఉండేది, ఇద్దరం మాట్లాడుకునే వీలే లేదు. అందుకని రోజూ బడి వదిలాక లాప్‌టాప్‌లో వీడియో కాల్ చేసి, దాన్ని స్క్రీన్ రికార్డు చేద్దామనుకున్నాను. బడులు మూతపడ్డ రోజుల్లో పిల్లలకు పాఠాలు అట్లాగే రికార్డు చేసి పంపాను కాబట్టి ఆ పని నాకు వచ్చనే అనుకున్నాను. డిస్కులో చోటు లేకపోతే ఆ పాఠాలన్నీ తీసేశాను. పిన్ని పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, ఏ రోజు వీడియోకు ఆ రోజు తేదీ రాసి దాచాను.

అటువైపు బాబాయి ఫోనును చెంబుకు ఆనించి పెట్టి పక్కకు పోయేవాడు.

"ఏం చెప్పమంటావుమే?" అని అడిగింది పిన్ని మొదటి రోజు.

"అమ్మ సంగతులు చెప్పు పిన్నీ. ఇన్నేళ్ళూ అడగలేదు."

"అడిగితే ఏడుస్తావని నేనూ చెప్పలా."

అప్పటికే ఆమె గొంతు బొంగురుపోయి, మాట గాలిలాగా వచ్చేది. సరిగ్గా వినపడాలని ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఆమె చెబుతుంటే నేను ఒళ్ళో పేపర్లు పెట్టుకుని దిద్దుతూ ఉండేదాన్ని. అంతా రికార్డవుతోంది కదా, తర్వాత తీరిగ్గా వినొచ్చని. ఒక్క వీడియో కూడా తెరిచి చూసుకోలేదు. ఆ గొంతు పోతుందని తెలిసి వినడానికి నాకు ధైర్యం చాలలేదు.

సెలవు పెట్టి ఆపరేషన్‌కు పోయాను. అది బాగానే జరిగింది. నెల తర్వాత ఒక ఆదివారం మొదటి వీడియో తెరిచాను. పిన్ని పెదాలు కదులుతున్నాయి, చేతులు తిప్పుతోంది, నవ్వుతోంది. మాట లేదు. "ఊ" అని నా గొంతు వినపడింది. కాసేపటికి మళ్ళీ "ఊ".

లాప్‌టాప్ మా బడి కంప్యూటర్ సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు మూడు వీడియోలు చూసి, "మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను.

"ఆమె మాట మీ చెవుల్లోకి పోయింది. మైకులో మీ మాట ఒక్కటే పడింది."

"తిరిగి తెప్పించలేమా సార్?"

"పడనిదాన్ని ఎట్లా తెప్పిస్తాం మేడమ్," అన్నాడు, నా వైపు చూడకుండా.

పద్దెనిమిది వీడియోలు. అన్నీ విన్నాను. "ఊ." "తర్వాత?" "కొంచెం గట్టిగా చెప్పు పిన్నీ." గొంతులో పుండుతో ఉన్న మనిషిని ఎన్నిసార్లు గట్టిగా చెప్పమన్నానో. నేనట్లా అన్నప్పుడల్లా ఆమె మెడ మీద నరాలు బిగుసుకోవడం తెర మీద కనపడింది.

ఊరికి పోయి పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమెకు చదువు రాదు, మళ్ళీ రాసి చెప్పే దారీ లేదు. చూపించమని సైగ చేసింది. కాసేపు తన ముఖం తనే చూసుకుంది. మెడ మీది గుడ్డను సవరించుకుని, లాప్‌టాప్ మూసి, నా తల నిమిరింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పై ఏడు వానాకాలంలో జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకి చనిపోయింది.

కర్మలయ్యాక బాబాయిని నాలుగు రోజులు ఉందువు రమ్మని కావలికి తీసుకొచ్చాను. రెండో రోజు తనే అడిగాడు.

"మీ పిన్ని కంప్యూటర్లో ఉండాదంటివే, చూపీ."

"మాట రాదు బాబాయ్."

"రాకపోతే మానె. చూపీ."

కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు. కాసేపటికి తలాడిస్తూ, "ఆఁ, ఇది మీ యమ్మ రాగి సంగటి గెలికిన సంగతి. అదో, చెయ్యి తిప్పతా ఉండాదే. మీ యమ్మ గెలికితే అంతా పిండి ఉండలే అయినాయంట. వాళ్ళమ్మ తిట్టిద్దని అక్కాచెల్లెళ్ళిద్దరూ కూచోని ఆ ఉండలన్నీ ఏరి తినేసినారంట," అన్నాడు.

"నీకెట్లా తెలిసింది?"

"నలభై ఏళ్ళు కాపరం చేసినా గదమ్మా. ఈ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇట్టనే చెయ్యి తిప్పేది."

ఆ వీడియోకు తేదీ తీసేసి 'అమ్మ సంగటి' అని పేరు మార్చాను. ఆ నాలుగు రోజుల్లో ఆరు వీడియోలకు పేర్లు పెట్టుకోగలిగాం. మిగతావాటిలో ఒకటో రెండో మాటలు పట్టుకుని, అంతకు మించి చెప్పలేక ఆగిపోయేవాడు.

చివరిది, ఆస్పత్రిలో చేరే ముందు రోజుది. అందులో పిన్ని ఫోనుకు బాగా దగ్గరగా జరిగి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా గొంతు మాత్రం అదే: "ఊ... ఊ... సరే పిన్నీ, ఇంక పడుకో." ఆ రోజు నేను మార్కులు కూడుతున్నాను.

బాబాయి దాన్ని రెండుసార్లు చూశాడు.

"ఇది నాకు తెల్దమ్మా. ఆ పొద్దు నన్ను బయటికి పొమ్మనింది. నీకు గుర్తులేదా ఏం చెప్పిందో?"

"ఆ రోజు మాట సరిగ్గా వినపడలేదు బాబాయ్," అని అబద్ధం చెప్పాను.

ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు.