పూడ్చిన బావి దగ్గర ఎడమకు

కనకమామిడి రోడ్డు మీద జామకాయలమ్మే అవ్వ దారి చెబితే, ఇప్పుడు లేనివాటినే గుర్తులుగా చెప్పేది. కేకులు డెలివరీ చేసే పనిలో చేరిన కొత్తలో నాకు తల తిరిగిపోయేది.

"మోటబావి కాడ ఎడమకు మలుగు బిడ్డా," అంది ఓ మధ్యాహ్నం.

"ఆడ బావి లేదవ్వా. గోడ ఉన్నది."

"బావిని పూడ్చిండ్రు. జాగ యాడికి పోతది?"

ఎండకు కేకు కరిగిపోతోంది. ఫోనుకు సిగ్నల్ లేదు, ఫామ్‌హౌసుల గేట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నా అవస్థ చూసి అవ్వ గంపను పక్కామెకు అప్పజెప్పి బండెక్కింది. దారి పొడుగునా చెయ్యి చాపి, "గిది పల్లిచేను, గిది నీళ్లు పారే ఒర్రె," అంటూ ఉత్త గోడలను పలకరిస్తూ, సరిగ్గా నేను వెళ్లాల్సిన గేటు ముందు ఆపించింది.

లోపల పచ్చిక మీద పుట్టినరోజు పాప కుర్చీలో కూర్చుని ఉంది. అవ్వ చెయ్యి అటు చాపింది.

"ఇది మా జొన్నచేను. నువ్వు కూసున్న కాడనే మా మంచె ఉంటుండె. దాని మీదికెక్కి పిట్టలను ఎల్లగొడుతుంటి."

"ఎట్ల?" అంటూ పాప కుర్చీ ఎక్కి నిలబడింది.

అవ్వ నోటికి చేతులు అడ్డం పెట్టి, "హోయ్!" అని కేకేసింది. పాప వేసింది. చుట్టాలంతా వేశారు. కేకు ఒక పక్కకు ఒరిగిపోయిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మొన్న కొత్తగా పనిలో చేరినతను నన్ను అదే ఇంటికి దారి అడిగాడు.

"మోటబావి కాడ ఎడమకు మలుగు. మంచె కాడ ఆపు."

"ఆడ బావి ఉన్నదా అన్నా?"

"జాగ ఉన్నది," అన్నాను.