మావయ్యగారు తెచ్చిన రొయ్యలు

మా మావయ్యగారు నలభై ఏళ్లు కాట్రేనికోన దగ్గర సముద్రంలో చేపల వేట చేశారు. అత్తయ్యగారు పోయాక అమలాపురంలో మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన వారంలోనే చేపలు కొనే పని తనదిగా చేసుకున్నారు. నేను ఉప్పలగుప్తం వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆరు కావస్తుంది. మా ఆయన చేపల చెరువులకు మేత అమ్మే కొట్టు మూసి ఎనిమిదికి వస్తారు. మావయ్యగారు చేపలు తెచ్చి, శుభ్రం చేసి, మూత పెట్టి ఉంచేవారు. నేను చీర మార్చుకుని నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లేదాన్ని. ఇరవై నిమిషాల్లో పులుసు దిగేది.

ఆయన కొనే పద్ధతి ఒకటే. చేపను ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగేవారు. నచ్చకపోతే ఏమీ అనకుండా పక్క తట్ట దగ్గరికి వెళ్లిపోయేవారు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ కొనుక్కునేవాళ్లు కూడా ఉండేవారని విన్నాను.

నిరుడు చలికాలం మొదట్లో ఒక బుధవారం గిన్నె మీద మూత తీశాను. ఒలిచిన రొయ్యలు. చెడిన రొయ్యకు ఒక ఘాటు ఉంటుంది, ముక్కులోంచి కళ్లకెక్కుతుంది. మావయ్యగారు వెనక వసారాలో కత్తిపీట కడుగుతున్నారు.

“ఇవి ఇవాళ్టివేనాండి?” అని అడిగాను.

“ఆయ్, ఇవాళ్టివేనమ్మా. చేపలామె ఐసులోంచి తీసి ఇచ్చింది.”

గిన్నె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. “ఒకసారి వాసన చూడండి.”

ఆయన వంగి చూశారు. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగారు. “బానే ఉన్నాయి కదమ్మా” అంటూ తలెత్తారు. నేను అప్పటికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నాను. నా మొహం చూసి మళ్లీ గిన్నెలోకి చూశారు. ఈసారి వాసన చూడలేదు. ఒక రొయ్యను వేళ్ల మధ్య నొక్కారు. అది మెత్తగా విడిపోయింది.

“ఎప్పట్నించండి?” అన్నాను.

“వానల్లో జొరం వచ్చింది కదమ్మా. తగ్గేక చూసుకుంటే ఏ వాసనా లేదు. కొబ్బరినూనె అయినా కిరసనాయిలు అయినా ఒకటే.”

“మాకు చెప్పలేదేవండి?”

“ఏవని చెప్పను. చేపలు తేవడం ఒక్కటే కదా నాకున్న పని.”

బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పారు. నాలుగు నెలలుగా చేపల కళ్లు, మొప్పలు చూసి నెట్టుకొచ్చారట. “తల తీసేసిన రొయ్యకి కళ్లుండవు కదమ్మా. ఐసులో గట్టిగానే ఉన్నాయి, చేతికీ తెలీలేదు” అన్నారు. ఆ నాలుగు నెలల్లోనూ నేను వండిన ప్రతి పులుసునూ బాగుందనే అన్నారు. ఆ సంగతి నాకు వెంటనే గుర్తొచ్చింది.

రొయ్యల్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. చేతులు కడుక్కుని వసారాలోనే కూర్చుండిపోయారు. పప్పు వేసేస్తే సరిపోయేది. ఎందుకో అలా చెయ్యబుద్ధి కాలేదు. “పదండి, ఇద్దరం వెళ్లొద్దాం” అన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.

కాలవ వంతెన దగ్గర చేపల తట్టలు రెండే మిగిలి ఉన్నాయి. ఆయన ఒక పండుగప్పను తిరగేసి, మొప్ప ఎత్తి చూసి, పొట్ట దగ్గర వేలితో నొక్కారు. తర్వాత దాన్ని నా వైపు జరిపారు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను కానీ దేని కోసం చూడాలో తెలియలేదు.

“ఏం తెలియాలండి?” అని మెల్లిగా అడిగాను.

“ఏమీ తెలీకూడదమ్మా. నీటి వాసన తప్ప ఇంకోటి రాకూడదు.”

తట్ట దగ్గరున్నామె మమ్మల్నిద్దర్నీ చూసింది. “ఏవండి, ఇవాళ కోడలుగారి చేత చూపిస్తన్నారు?”

“ఆయ్, తనూ నేర్చుకుంటానందండి” అన్నారు మావయ్యగారు.

నేను అలా అనలేదు. అయినా తలూపాను. పండుగప్ప కోయించుకున్నాం. తలలతో ఉన్న రొయ్యలు గుప్పెడు ఆయనే ఏరారు.

ఇంటికొచ్చేసరికి ఏడున్నర దాటింది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేగుతుండగా ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలిచారు. అల్లం, వెల్లుల్లి నూరి వేసి, కారం, పసుపు కలిపి, చింతపండు రసం పోశాను. అది మరిగాక చేప ముక్కలు వదిలాను. ఇక గరిటె పెట్టకుండా దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పడమే. రొయ్యలు ఆఖర్న పడ్డాయి. పచ్చిదనం పోయి ఎర్రగా ముడుచుకోగానే దించేశాను. అరచేతిలో కొంచెం పులుసు వేస్తే ఆయన నాకి చూశారు.

“ఏం తెలుస్తోందండి?”

“ఉప్పు తెలుస్తాది, పులుపు తెలుస్తాది. కారం ఉంది. చేప మటుకు తెలీదు.” కాస్త ఆగి, “ఉప్పు చాల్లేదమ్మా” అన్నారు. నిజంగానే చాల్లేదు.

మా ఆయన వచ్చి భోజనానికి కూర్చుని, ఇవాళ వంట ఆలస్యమైందేమని అడిగారు. మావయ్యగారే చెప్పారు. “నాకు వాసన పోయిందిరా. వానాకాలం నించి. ఇవాళ పాడైపోయిన రొయ్యలు తెచ్చేను.” మా ఆయన శనివారం డాక్టరుకు చూపిద్దామన్నారు. మావయ్యగారు సరేనన్నారు. ఇంకో ముక్క వేయించుకున్నారు.

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు. ఏడాది దాటింది, రాలేదు. ఇప్పుడు మావయ్యగారు నేను దిగే బస్సు వేళకు స్టాపు దగ్గర ఉంటారు. అక్కణ్నించి ఇద్దరం వంతెన దగ్గరికి నడుస్తాం. ఆయన చూసి, నొక్కి, నాకిస్తారు. నేను వాసన చూసి చెబుతాను. ఒకసారి నేను బావుందన్న చేపను ఆయన వద్దన్నారు. ఒప్పుకోకుండా కొన్నాను. ఆ రాత్రి ముక్కలు పులుసులో పొడి పొడిగా విడిపోయాయి. బతికున్న పీతల దగ్గర మాత్రం నా అవసరం లేదు. అవి ఆయనే చేత్తో ఎత్తి, బరువు చూసి ఎంచుతారు.