నూనెడబ్బా తోమిన రివాల్వరు

మా ఆయన్ని వీధిలో అందరూ నూనెడబ్బా అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే అనేవారు, ఆయనా పలికేవారు. కుట్టుమిషన్లు బాగుచేసే పని ఆయనది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నటి ముక్కున్న చిన్న నూనెడబ్బా ఉండేది. అది కారీ కారీ ప్రతి చొక్కాకీ జేబు దగ్గర ఒక మరక. ఎంత ఉతికినా పోయేది కాదు, నేను గొణుగుతూనే ఉండేదాన్ని. ఇప్పుడా చొక్కాలన్నీ మడతపెట్టి బీరువాలో ఉంచాను. ఆ మరకలు పోకపోవడమే మంచిదయింది.

ఎవరింటికి వెళ్ళినా ఆయనకంటే ముందు ఆయన చెవి వెళ్ళేది. తలుపు కిర్రుమంటే గుమ్మంలోనే ఆగిపోయేవారు. ముందు బందుకి ఒక చుక్క, తర్వాతే పలకరింపు. మా పుట్టింటికి మొదటిసారి వచ్చినప్పుడు మా నాన్న కుర్చీ వేస్తే, దాన్ని తిరగేసి, వదులైన మేకు బిగించి, అప్పుడు కూర్చున్నారు. మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "పనిమంతుడేనే, కానీ ఈయన ఇంట్లో ఏదీ పాతబడదు. నీకు కొత్త వస్తువు దక్కినట్టే" అని నవ్వింది. అలాగే జరిగింది. నా పెళ్ళినాటి గరిటెలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.

తుప్పంటే ఆయనకి పగ. మనిషి మీద కోపం వస్తే మర్చిపోయేవారు గానీ తుప్పు కనిపిస్తే వదిలిపెట్టేవారు కాదు. ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆ పగే ఆయన్ని అన్నగారి దృష్టిలో దొంగని చేసింది.

మా మామగారు ఒక మిల్లులో గేటు కాపలా. మిల్లు మూతపడ్డ రోజుల్లో దాని యజమాని, ఇన్నేళ్ళు నమ్మకంగా ఉన్నావని, తన రివాల్వరుని లైసెన్సుతో సహా మామగారి పేరు మీదికి మార్పించి ఇచ్చాడు. మామగారు దాన్ని పేల్చగా చూసినవాళ్ళు లేరు. అప్పుడప్పుడు బయటికి తీసి, గుడ్డ మీద పెట్టుకుని చూసుకుని, మళ్ళీ దాచేవారు. అది నల్లగా, కాకిరెక్కలా నిగనిగలాడేదట. పెద్దకొడుకు, అంటే మా బావగారు, చిన్నప్పుడు ఆ గుడ్డ పక్కనే కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసేవారట. అది తనకే వస్తుందని ఆయన ఎదురుచూశారు. తీరా మామగారు దాన్ని చిన్నకొడుకు పేరు మీదికి మార్పించి ఇచ్చారు. "పెద్దాడి దగ్గరుంటే తుప్పు పట్టిస్తాడు" అన్నారు, అంతే.

మా ఆయన చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఒక షరతు పెట్టారు. చిన్నప్పుడు ఈయన ఇంట్లో గోడగడియారం విప్పి, బిగించాక రెండు పళ్ళచక్రాలు మిగిలిపోయాయి. ఆ గడియారం ఇక తిరగలేదు. అది గుర్తుంచుకున్నారు మామగారు. "పైన ఎంతైనా తుడుచుకో. స్క్రూ మీద చెయ్యి వేశావో, నా కొడుకువే కావు" అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

ఈయన అక్షరాలా పాటించారు. స్క్రూ జోలికి పోలేదు. పైన తుడిచారు. తుడవడం అంటే మామూలు తుడవడం కాదు. నేను ఇత్తడి సామాను తోముకునే పాలిష్ డబ్బా పట్టుకెళ్ళి, పాత బనీను ముక్కతో, ఇంట్లో ఉన్న ప్రతి సెలవురోజూ తోమేవారు. కొన్నేళ్ళకి ఆ నలుపంతా పోయి, రివాల్వరు స్టీలు గ్లాసులా తెల్లగా మెరవడం మొదలుపెట్టింది. ఆయనకి ఎంత సంతోషమో. "చూడు, ఇన్నాళ్ళూ మా నాన్న దగ్గర మురికి పట్టి ఉంది పాపం" అన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. మనకేం తెలుసు తుపాకుల సంగతి.

బావగారు వేరే ఊళ్ళో లారీల ఆఫీసులో పనిచేసేవారు. మామగారు పోయిన కొన్నేళ్ళకి, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మా ఊరికే వచ్చి, రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. రాగానే, నాన్న తుపాకీ చూపించరా అని అడిగారు. మా ఆయన మురిసిపోతూ తెచ్చి గుడ్డ మీద పెట్టారు. బావగారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి కింద పెట్టేశారు.

"ఇది నాన్నది కాదు."

"నాన్నదే. తోమానన్నయ్యా."

"తోమితే నల్ల ఇనుము తెల్లబడుతుందట్రా? నా చెవిలో పువ్వు పెట్టకు. అసలుది ఎవరికి అమ్మావు?"

మా ఆయన ఇంకోసారి అదే మాట అన్నారు, తోమానన్నయ్యా అని. ఆయనకి వాదించడం చేతకాదు. మిషను ఆగిపోతే ఎందుకాగిందో చెప్పగలరు గానీ మనిషి ఆగిపోతే ఏం చెయ్యాలో తెలియదు. బావగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. మా తోడికోడలు మాత్రం బావగారు ఇంట్లో లేనప్పుడు ఫోను చేసేది. తన కుట్టుమిషను గోలగోలగా అరుస్తోందనీ, మరిదిని పిలుస్తానంటే బావగారు ఇల్లెగిరిపోయేలా కేకలేస్తున్నారనీ, ఇంకో మెకానిక్‌ని పిలవడానికి తనకి మనసొప్పడం లేదనీ చెప్పేది. ఆ మాట మా ఆయనకి చెబితే ఆ పూట అన్నం సరిగా తినలేదు. అన్నగారి మాట తగిలిందో, అరుస్తున్న మిషను మాట తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఓ మధ్యాహ్నం మా ఆయన తన కొట్లో మిషను ముందు కూర్చునే పోయారు. బావగారు వచ్చారు. తల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళు ఒక్కసారి రివాల్వరు ఉన్న బీరువా వైపు పోయాయి. నేను చూశాను. మనిషి పోయినా ఆ మాట పోలేదన్నమాట అనుకున్నాను. అప్పటినుంచీ నాకు ఏడుపు కంటే అదే ఎక్కువ బరువైపోయింది.

లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకీని ఇంట్లో ఉంచకూడదట. పోలీసులు చెబితే, లైసెన్సున్న తుపాకుల షాపులో అప్పగించడానికి తీసుకెళ్ళాను. ఇనుప గ్రిల్లు వెనక ఇరుకు గది. లోపల అడుగుపెట్టగానే మా ఇంటి వాసన వచ్చింది, అదే సన్న నూనె వాసన.

షాపు పెద్దాయనకి ఏళ్ళ తరబడి తుపాకులు పేల్చి చూసీ చూసీ చెవులు పోయాయి. అందుకని తను మాట్లాడితే వీధంతా వినబడుతుంది. రివాల్వరుని మధ్యకి విరిచి తెరిచారు, అది అలా తెరుచుకునే రకమట. గొట్టంలోంచి వెలుతురు కేసి చూసి, బాగుందని తలూపారు. తర్వాత పిడి అడుగున భూతద్దం పెట్టి చూసి, మొహం ముడుచుకుని, "ఎవరమ్మా ఈ నంబరు అరగదీసింది?" అని అరిచారు. బయట టీ తాగుతున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. నేను భూమిలోకి కుంగిపోయాను.

దొంగ తుపాకులకి ముందు చేసే పని అదేనట, నంబరు చెరపడం. లైసెన్సులో ఉన్న నంబరు దీని మీద లేకపోతే తను తీసుకోలేననీ, పోలీసులకి చెప్పక తప్పదనీ అన్నారు. నేను పాలిష్ డబ్బా సంగతి చెప్పాను. ఆయనకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను. ఈసారి టీ తాగేవాళ్ళకి కూడా వినబడింది. అప్పుడాయన, ఈ రకానికి పిడి చెక్కల కింద ఇంకోసారి నంబరు కొడతారనీ, విప్పి చూస్తే తేలిపోతుందనీ అన్నారు. ఇంకో వారసుడు ఎవరైనా ఉన్నారా అని అడిగి, బావగారి సంగతి చెబితే, ఆయన ఎదురుగానే విప్పుతాను, లేకపోతే రేపు నంబరు నేనే మార్చానంటారు అన్నారు.

తిరిగి వస్తూ దారిపొడుగునా భయపడ్డాను. విప్పాక అక్కడ కూడా వేరే నంబరు ఉంటే? నాకు మా ఆయన తెలుసు. అయినా భయపడ్డాను. ఆ భయపడ్డందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నేరుగా బావగారింటికి వెళ్ళాను. సంగతి చెబితే, నాన్నది కాని దానికి నేనెందుకు రావాలమ్మా అన్నారు. నేను ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తి ఎరగను.

"బావగారూ, తమ్ముడు దొంగ అనుకుంటూ మీరు బతకాలి, ఆయన కాదనుకుంటూ నేను బతకాలి. ఇద్దరికీ నిద్ర ఉండదు. ఒక్కసారి వచ్చి చూడండి. దొంగే అని తేలితే నేనూ మీ మాటే అంటాను."

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

షాపాయన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే స్క్రూ కదల్లేదు. నూనె చుక్క వేసి ఆగారు. మళ్ళీ తిప్పారు. "ఇది తయారైన చోట బిగించిన బిగింపే. ఎవరూ విప్పలేదు దీన్ని" అన్నారు. బావగారు ముందుకి వంగారు. చెక్క పలక నెమ్మదిగా ఊడి వచ్చింది.

కింద ఇనుము నల్లగా ఉంది. కాకిరెక్కలా నల్లగా, నిన్ననే చేసినట్టు. చెక్క ఎక్కడిదాకా కప్పిందో అక్కడిదాకా నలుపు, అది దాటగానే తెలుపు, గీత గీసినట్టు. ఆ నలుపు మధ్యలో నంబరు. షాపాయన ఒక్కో అంకే తన మామూలు గొంతుతో చదువుతుంటే, బావగారు లైసెన్సు మీద వేలు పెట్టుకుంటూ వచ్చారు. చివరి అంకె కూడా కలిసింది, వేలు అక్కడే ఉండిపోయింది.

నేను బల్ల మీద కూర్చున్నాను. ఆయన పోయిన రోజు నుంచీ గుండెల మీద ఉన్న రాయి అక్కడే ఎక్కడో జారిపడిపోయింది.

షాపాయన ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆ నలుపు మురికి కాదట, ఇనుము మీద కట్టించిన పూతట, ఉల్లిపొర కంటే పల్చగా ఉంటుందట. ఇత్తడి పాలిష్ దాన్ని తినేస్తుందట. ఐదు గుళ్ళ రకం, జేబులో ఇమిడేలా చేసింది, తన తాత కాలం నాటిది. ముట్టుకోకుండా ఉంచి ఉంటే పాతవి సేకరించేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారట. ఇప్పుడు అందులో నాలుగోవంతు ధర కూడా పలకదట. "ఆయనకి ఏనుగునిచ్చినా తెల్లగా తోమేవాడమ్మా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి నవ్వడం.

బావగారు నవ్వలేదు. ఆ పలకని చేతిలో పట్టుకుని, "తోమానన్నయ్యా అన్నాడు. అంతే అన్నాడు వాడు, రెండుసార్లు" అన్నారు. మళ్ళీ, "మిషన్లు విప్పడమే పని కదా వాడికి. ఆ ఒక్క స్క్రూ విప్పి చూపిస్తే పోయేదిగా నాకు" అన్నారు.

"స్క్రూ మీద చెయ్యి వెయ్యొద్దని మామగారు అన్నారు బావగారూ."

ఆ మాట ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, తుడిచినవే తుడిచారు. తర్వాత అడిగిన చోటల్లా సంతకం పెట్టారు. అమ్ముతారా, దాస్తారా అని షాపాయన అడిగితే, "ఇక్కడే ఉంచండి. తోమిందే కావాలని ఎవరైనా వస్తే అప్పుడు చూద్దాం" అన్నారు.

బయటికి వచ్చి ఇంటివైపు నడిచాం. మా వీధి మలుపు దగ్గర ఆగి, నేల చూస్తూ అడిగారు. "మీ అక్క మిషను బాగా అరుస్తోందమ్మా. వాడి నూనెడబ్బా ఉందా?"

ఉంది. మా ఆయన ఆఖరున వేసుకున్న చొక్కా జేబులోంచి తీసి కిటికీలో పెట్టాను. నాకు మిషను బాగుచెయ్యడం రాదు. కానీ పక్కన కూర్చుని చూసిన ఏళ్ళు తక్కువ కాదు, ఏ రంధ్రంలో ఎన్ని చుక్కలో తెలుసు. ఆ సాయంత్రం మా తోడికోడలు మిషను వెనక్కి వంచి పట్టుకుంటే, నేను వేశాను. బావగారు తలుపు దగ్గర నిలబడి చూశారు. ఆవిడ కాలితో తొక్కితే మొదట కిర్రుమంది, మళ్ళీ తొక్కితే తగ్గింది, ఆ తర్వాత గదిలో దారం లాగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే, బావగారు ఆ తలుపునే అటూ ఇటూ ఆడిస్తూ చెవి పెట్టి వింటున్నారు.

"ఇక్కడ కూడా ఒక చుక్క వెయ్యమ్మా" అన్నారు.