ఊకొట్టిందా, ఒప్పుకుందా

పదవీ విరమణకు ముందటి ఏడాది నేను ఢిల్లీలో విదేశాంగ శాఖలో తూర్పు ఆసియా ఆర్థిక వ్యవహారాలు చూసే సంయుక్త కార్యదర్శిని. అంటే కార్యదర్శికి రెండు మెట్లు కింద. ఒక జపాన్ యంత్రభాగాల కంపెనీ ఇస్నాపూర్ దగ్గర స్థలం చూడటానికి రెండోసారి వస్తుంటే వాళ్ల వెంట నన్ను పంపారు. మొదటిసారి చూసేది మర్యాదకు, రెండోసారి చూసేది నిర్ణయానికి. సంగారెడ్డిలో బడికి పోకుండా నాన్నగారి దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసిన నాకు ఉద్యోగం చివర్లో సొంత జిల్లా పని దొరికింది. దేవుడి దయ అనుకుని దణ్ణం పెట్టుకుని బయలుదేరాను.

స్థలం బాగుంది. కరెంటు, నీళ్లు, రహదారి అన్నీ దగ్గరే. చిక్కు ఒక్కటే. స్థలం మధ్య నుంచి చిట్కుల్ వైపు పోయే బండ్ల బాట ఉంది. స్థలానికి అవతల యాదమ్మ అనే పెద్దావిడకు కొంచెం చెలక ఉంది. కొత్తిమీర, పాలకూర వేసి పటాన్‌చెరు మార్కెట్లో అమ్ముతుంది, బర్రెలను మేపుకుంటుంది. గోడ కడితే ఆమె బాట మూసుకుపోతుంది.

రాష్ట్ర పరిశ్రమల శాఖ అధికారి ఆమెను అక్కడికే పిలిపించి మా అందరి ముందు నచ్చజెప్పారు. మంచి మనిషే, కానీ తొందర ఎక్కువ. "జెర సుట్టు తిరిగి రావాలె అమ్మా, అంతే. హైవే పక్కపొంటి రావొచ్చు. ఏం పరేషాన్ లేదు. కంపెనీ వస్తే మీ పిల్లలకే కొలువులు," అన్నారు. ఆమె తల వంచుకుని "ఆఁ... ఆఁ సార్... ఆఁ" అంటూ విన్నది. అధికారి మావైపు తిరిగి, ఆమె ఒప్పుకుందని ఇంగ్లిష్‌లో చెప్పారు. దుబాసీ ఆ మాటే జపనీస్‌లోకి మార్చాడు.

కంపెనీ డైరెక్టరు కాసేపటికి నా పక్కకు వచ్చి మెల్లగా జపనీస్‌లో అడిగారు: ఆమె అన్నది మా 'హై' లాంటిదేనా?

'హై' అంటే 'అవును' అని నిఘంటువులో ఉంటుంది. కానీ జపాన్ వాళ్లు ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ 'హై, హై' అంటూనే ఉంటారు. వింటున్నాను, చెప్పండి అని దాని అర్థం. మనం కథ వింటూ ఊకొట్టడమే అది. టోక్యోలో నా తొలి పోస్టింగులో ఆ తేడా పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మన ప్రతినిధి బృందాలు ఎన్నో 'హై'లు లెక్కేసుకుని ఒప్పందం కుదిరిందని ఇంటికి పోయేవి. అలాంటిది, తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి నా ఊరి 'ఆఁ'ను నాకంటే ముందు పట్టుకున్నారు. ఎలా తెలిసిందని అడిగాను. అధికారి మాట పూర్తికాకముందే ఆమె 'ఆఁ' అంటోంది, సగం మాటకు ఎవరైనా ఎలా ఒప్పుకుంటారు అన్నారు. ఆ ఎండలో నేను కదలకుండా నిలబడిపోయాను. ఇన్ని సముద్రాల అవతల మనుషులకు కూడా ఇదే మర్యాద నేర్పిన పైవాడి పనితనానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడ అడగడం నా పని కాదు. భూమి రాష్ట్రం వ్యవహారం. ఆమె కాదంటే కంపెనీ మరో రాష్ట్రానికి పోవచ్చు. మనసులో దేవుణ్ణి తలచుకుని అడిగాను: "పెద్దమ్మా, సార్ చెప్పినదానికి ఒప్పుకున్నవా?"

"ఇన్న అని అన్న బిడ్డా. ఒప్పుకున్న అన్ననా? అంత పెద్ద సార్ చెప్తుంటే ఊకొట్టకపోతే ఏం మర్యాద? హైవే మీద లారీల నడుమల బర్రెలను ఎట్ల తోల్కపోవాలె? నెత్తి మీద గంప, ముంగట బర్రె, ఎన్కకెల్లి లారీ!"

డైరెక్టరు ఎట్లా కనిపెట్టారో చెబితే ఆయన్ని ఎగాదిగా చూసింది. "గాయనకు తెలుగొస్తదా? రాదా? మరి గాయనకు తెలిసింది మన సార్‌కు తెల్వకపాయె!" అందరికంటే ముందు నవ్వింది ఆ అధికారే.

ఆ సాయంత్రం సమావేశంలో, రాసుకున్న నోటు నుంచి 'స్థానికులు అంగీకరించారు' అన్న వాక్యం తీయించాం. 'అభ్యంతరం గమనించాం' అని రాయించాం. మా వృత్తిలో 'గమనించాం' అంటే విన్నాం అని, 'అంగీకరించాం' అంటే కట్టుబడ్డాం అని. డైరెక్టరు మాత్రం 'పరిశీలిస్తాం' అని వెళ్లిపోయారు. జపాన్ వారి నోట ఆ మాట చాలాసార్లు 'కుదరదు' అనడానికి మర్యాదైన రూపం. ఢిల్లీలో పై అధికారులు నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూలేదు. ఆమెను అడిగి ఊరి కొలువులు పోగొట్టానేమోనన్న భయం మాత్రం ప్రతి ఉదయం పూజలో నాతో కూర్చునేది.

కొన్ని వారాల తర్వాత కంపెనీ నుంచి మార్చిన ప్లాను వచ్చింది. గోదామును అవతలి పక్కకు జరిపి, గోడను లోపలికి వంచి, స్థలం అంచున బండి పట్టేంత బాట వదిలారు. సంతకాలకు ముందు యాదమ్మను మళ్లీ అడగాలని, ఆమె తన నోటితో చెప్పాలని కోరారు. ఆ అధికారి స్వయంగా వెళ్లి ప్లాను ప్రకారం నేల మీద ముగ్గుతో గీతలు గీయించి చూపించి, అక్కణ్నుంచే నాకు ఫోన్ చేశారు. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది: "గీసారి ఒప్పుకున్న సార్. రాసుకోండ్రి."

వాణిజ్య దౌత్యంలో ఎదుటివారు విన్నారా, ఒప్పుకున్నారా అన్నది విడివిడిగా అడగాలి, విడివిడిగా రాయాలి. ఒప్పుకోలు పూర్తి వాక్యంగా రావాలి, ఒప్పుకున్న మనిషి నోటి నుంచే రావాలి. అంతవరకు మన దగ్గర ఉన్నది మర్యాద మాత్రమే, ఒప్పందం కాదు.