అచ్చు తీసిన చేయి

మా బావ మొహాలు చూసి మనుషుల్ని గుర్తుపట్టలేడు. దవడ అచ్చు చేతికిస్తే మాత్రం ఇట్టే చెప్పేస్తాడు, ఈయన ఎడమవైపే నములుతాడు, ఈవిడ నిద్రలో పళ్లు కొరుకుతుంది అని. ముప్పై ఏళ్లుగా కట్టుడు పళ్లు చేస్తున్నాడు. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పెట్టెలో పంపిస్తారు. బావ అందులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు పేర్చి ఇస్తాడు. పెట్టెలు విప్పడం, కట్టడం, చీటీలు అంటించడం నా పని. అక్క పోయాక ఆయన్నీ ల్యాబునీ కనిపెట్టుకుని ఉన్నది నేనే, ఆయన ఒప్పుకోకపోయినా.

ఆయన చేసిన పళ్లతో నవ్వేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. "డాక్టరుగారు భలే కట్టారండీ" అంటారు. బావ పైకి నవ్వేసేవాడు గానీ, ఆ మాట విన్న రోజు భోజనం సగంలో వదిలేసి లేచేవాడు.

ఈ ఏడు అక్క కూతురు పళ్ల డాక్టరు చదువుకి దరఖాస్తు పెట్టాలి. నిరుడు పేరుమోసిన కాలేజీలకే రాసి, ఎక్కడా సీటు రాక నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఫారంలో కాలేజీల పేర్లు రాయడానికి మూడే గళ్లు. పంపాక మార్చడానికి లేదు. ఈసారీ తప్పితే ఇక ఆ చదువు ఊసెత్తనని తనే చెప్పింది. ఆ పిల్ల మొండి, అన్నదంటే అన్నట్టే.

"కాలేజీల సంగతి నాకొదిలెయ్," అన్నాడు బావ. అచ్చులతో వచ్చే చీటీల మీద డాక్టరు పేరు కింద ఆయన చదివిన కాలేజీ పేరూ ఉంటుంది. బుడగలొచ్చిన అచ్చు, అంచు చిరిగిన అచ్చు ఏ కాలేజీవాళ్లవో ఆయనకు కొట్టినపిండి. "వీళ్లకి తొందర తప్ప ఏమీ నేర్పరు," అని ఒకటి కొట్టేశాడు. రోగులతో కిటకిటలాడే సర్కారు ఆసుపత్రి కాలేజీని "అది సంత" అని అసలు చూడనే లేదు. మొదటి గడిలో కొండమీద కాలేజీ రాయించాడు. వీధి మలుపు డాక్టరు చదివింది అక్కడే. పధ్నాలుగేళ్లలో ఆయన దగ్గర్నుంచి వచ్చిన అచ్చుల్లో ఒక్క బుడగ లేదు. అవి వచ్చినప్పుడు బావ కళ్లజోడు తుడుచుకుని మరీ చూసేవాడు. "ఇది చెయ్యి కాదే, వరం," అనేవాడు నాతో.

"ఒక్కసారి ఆయన్నే అడుగుదాం నాన్నా," అంది అమ్మాయి. గడువు ఇంకా రెండు రోజులుందనగా ముగ్గురం వెళ్లాం.

డాక్టరు మంచివాడే. అబద్ధమాడలేదు. బావ పొగడ్తలన్నీ విని ఇబ్బందిగా కదిలాడు. "అచ్చులు నేను తియ్యనండీ. మొదట్నించీ ఆవిడే తీస్తుంది," అని పక్కగది చూపించాడు.

అక్కడ నడివయసు ఆవిడ పనిముట్లు కడుగుతోంది. పొద్దున్నే క్లినిక్ తలుపులు తీసేదీ, రోగుల్ని పిలిచేదీ ఆవిడే. పెట్టె కట్టారా అని నేను ఏళ్ల తరబడి ఫోనులో అడుగుతున్నదీ ఆవిడనే.

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని ఆవిడ చేతుల వైపు చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేశానండీ. రోజుకి రెండొందల మంది వచ్చేవారు. చదివే పిల్లలు చాలకపోతే పెద్ద మేడమ్ అచ్చు తీసే ముద్ద కలిపే గిన్నె నాకే ఇచ్చేవారు." చేతులు తుడుచుకుని అమ్మాయి వైపు తిరిగింది. "ముసలివాళ్లకి నోట్లో ముద్ద పెట్టగానే వాంతి వచ్చినట్టవుతుందమ్మా. వాళ్లని మాటల్లో పెట్టాలి, ముక్కుతో గాలి తీసుకోమనాలి. వందమందికి చేస్తేగానీ అది పట్టుబడదు. రోగులు రాని ఆ కొండమీద కాలేజీకి ఎన్ని అంతస్తులుంటే ఏం లాభం?"

"మరి మీరెందుకు చదవలేదండీ?" అంది అమ్మాయి.

"చదువుతావా అని ఎవరూ అడగలేదమ్మా," అని ఆవిడ మళ్లీ కుళాయి తిప్పింది.

దారి పొడుగునా బావ మా ఇద్దరికంటే ముందు నడిచాడు. వరం ఎవరిదో తేలిందిగా అని ఏడిపిద్దామని నాలుక చివరిదాకా వచ్చిన మాట నేను మింగేశాను. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. "నా పని ఇంకొకళ్ల పేరున పోతోందని ముప్పై ఏళ్లు కుమిలిపోయాను. పధ్నాలుగేళ్లుగా ఆవిడకి నేను చేసిందీ అదే," అన్నాడు. అక్క పోయినప్పుడు ఆయన కళ్లలో నీళ్లు చూశాను, మళ్లీ ఆరోజే. నాకూ సిగ్గేసింది.

అమ్మాయి మొదటి గడి కొట్టేసి ఆసుపత్రి కాలేజీ పేరు రాసింది. బావ కాదనలేదు. ఆ కింద ఇంకో ప్రశ్న ఉంది. ఈ కాలేజీ గురించి మీకు చెప్పినవారి పేరు, వృత్తి. అమ్మాయి కలం ఆపి మా ఇద్దరి వైపూ చూసింది.

"వృత్తి దగ్గర, దవడ అచ్చులు తీస్తారు అని రాయమ్మా," అన్నాడు బావ. పేరు మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

నేను ఫోన్ చేశాను. నా గొంతు వినగానే, "పెట్టె ఇంకా కట్టలేదండీ," అంది ఆవిడ.

"పెట్టె కోసం కాదండీ. మీ పేరు కావాలి. మా అమ్మాయి ఫారంలో రాస్తుంది."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత ఆవిడ నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా చెప్పింది.